ఔరిస్తెలా ఇంటి అప్పు, ఆమె చావు కబురు

దురాన్ సంతలో చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర నుంచి, నది దాటి గ్వయాకిల్ నగరానికి వెళ్ళే బస్సుల కండక్టర్ల దాకా అందరి నోటా ఒకటే మాట. మూడో అడ్డవీధిలో ఉండే ఔరిస్తెలా కిమి చచ్చినట్టు నాటకమాడి, ఇన్సూరెన్స్ వాళ్ళ చేత ఇంటి అప్పు తీర్పించుకుందట. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, శవపేటికలో మనిషికి బదులు అరటి గెలలు పెట్టి పూడ్చారని కూడా చెబుతున్నారు. ఇక్కడే తెలిసిపోతుంది అది అబద్ధమని. గెలలు పూడ్చిపెట్టే మనిషా ఔరిస్తెలా? తొక్క నల్లబడి ఈగలు ముసిరిన పండును కూడా ఆమె గరిటెతో గీకి, బెల్లం కలిపి, వీధి పిల్లలకు ఐస్ ముక్కలుగా అమ్ముకుంటుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకుంటే అందరికీ మంచిది.

ఆ ఇల్లు రెండు గదులది. సిమెంటు ఇటుకల గోడలు, రేకుల కప్పు, ముందు చిన్న చావడి. ఇరవై ఏళ్ళ వాయిదాల మీద బ్యాంకు అప్పుతో కొన్నారు. నెలకు నూట నలభై ఎనిమిది డాలర్లు. ఔరిస్తెలా రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆమె మొగుడు విల్ఫ్రీదో మంగలి. చావడిలోనే కుర్చీ వేసుకుని గడ్డాలు గీస్తాడు. అతని సంపాదన ఏ పూటకా పూట తిండికి సరిపోతుంది. వాయిదా మాత్రం ఔరిస్తెలా జీతంలోంచే వెళ్ళాలి.

ఆ ఇంట్లో కాపురం ఎలా ఉండేదో విల్ఫ్రీదోని అడగాలి. మూడు చోట్ల హోల్డర్లు, ఇంటికంతటికీ ఒకే బల్బు. వంటింట్లోంచి పడకగదిలోకి వెళ్ళే మనిషి బల్బును కూడా ఊడదీసి పట్టుకెళ్ళాలి. అది కాలుతూ ఉంటుంది కాబట్టి దానికోసం గోడకు ఒక పాత మేజోడు వేలాడుతూ ఉండేది. రెండో మేజోట్లో అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కూరి ముడేసి, దాంతో ఒళ్ళు రుద్దుకునేవారు. ఫ్రిజ్ ఉంది గాని అందులోని చల్లదనం అమ్మకానికే. మండు మధ్యాహ్నం చల్లటి నీళ్ళు తాగాలనిపిస్తే విల్ఫ్రీదో పొరుగింటికి పోయి వాళ్ళ యోగక్షేమాలు అడిగేవాడు. ఆ వీధిలో అంత మంచిచెడ్డలు కనుక్కునే మగవాడు ఇంకొకడు లేడని పేరు కూడా వచ్చింది.

టీవీ లేదు. ఎదురింటావిడ ఎదెల్మీరాకు ఉంది. ఔరిస్తెలా సాయంత్రం పూట తన కిటికీలో మోచేతులు ఆనించి, ఎదురింటి కిటికీలోంచి సీరియల్ చూసేది. ఒకరోజు ఎదెల్మీరా టీవీని గోడ వైపు జరిపింది.

"వదినా! కాస్త ఇటు తిప్పు. నాకు పెళ్ళికొడుకు సగమే కనిపిస్తున్నాడు," అని ఔరిస్తెలా వీధికి అడ్డంగా కేక పెట్టింది.

"సగం చూస్తే చాల్లే! నువ్వు కరెంటు బిల్లులో సగం ఇస్తున్నావా?"

"సగం పెళ్ళికొడుక్కి బిల్లులో పావు వాటా. అది కూడా ఈ ఎపిసోడ్ బాగుంటేనే!"

ఎదెల్మీరా నవ్వుకుంటూ టీవీ తిప్పింది. ఆ వీధిలో ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో మూత తీయకుండానే చెప్పగలిగిన మనిషి ఆమె. ఔరిస్తెలా పొయ్యి మీద ఎప్పుడూ చేప తలకాయల పులుసే ఉండేది కాబట్టి, ఆ ఇంటి విషయంలో ఆమెకు పెద్ద కష్టం కూడా ఉండేది కాదు.

అలా పంతొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలు గడిచాయి. నాలుగు వాయిదాలు మిగిలాయి. అప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు ఔరిస్తెలాను పిలిచి, వయసైపోయింది, మార్చి నెల జీతంతో పని ఆఖరు అని చెప్పారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి: మూడు జీతాలు. కట్టాల్సిన వాయిదాలు నాలుగు. నాలుగోది ఎక్కణ్ణుంచి వస్తుంది? వీధి మొదట్లో టైలరు ఇల్లు అలాగే ఆఖరి వాయిదాల దగ్గర ఆగిపోయి వేలానికి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ ఎవరో టైర్లు అమ్ముకుంటున్నారు. ఔరిస్తెలా పనికి వెళ్తూ వస్తూ ఆ టైర్ల వైపు చూసేది కాదు.

"ముసలోడా," అంది ఒకనాడు మొగుడితో, "ఈ మూడు నెలల్లో తిండి ఖర్చులో నూట నలభై ఎనిమిది డాలర్లు మిగలాలి."

విల్ఫ్రీదో పళ్ళెంలో చేప కన్ను వైపు చూశాడు. చేప కన్ను అతని వైపు చూసింది. "దీన్లోంచి ఇంకా ఏం తగ్గిస్తావే?" అన్నాడు.

"చేపని," అంది ఔరిస్తెలా.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాత సంవత్సరాన్ని తగలబెట్టే బొమ్మ తయారీ మొదలైంది. డిసెంబరు ముప్ఫై ఒకటిన ప్రతి వీధీ ఒక బొమ్మను చేసి, ఆ ఏడాది ఎవరు ఎక్కువ నోళ్ళలో నానితే వాళ్ళ మొహం దానికి పెట్టి, అర్ధరాత్రి నిప్పంటిస్తుంది. బొమ్మ పక్కన మగవాళ్ళు నల్ల గౌన్లు తొడుక్కుని, పెదాలకు రంగేసి, విధవలై ఏడుస్తూ దారిన పోయే బళ్ళను ఆపి చిల్లర అడుగుతారు. ఔరిస్తెలా ఏనాడూ బొమ్మకు చందా ఇచ్చి ఎరగదు. చందాకు బదులు పాత బట్టలు ఇస్తానని ఇచ్చి, తగలబెట్టడానికి పది నిమిషాల ముందు వచ్చి విప్పుకుని పోయేది. దురాన్ మొత్తంలో పాత సంవత్సరాన్ని దిసమొలతో తగలబెట్టే వీధి అదొక్కటే. మిగతా వీధుల వాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు.

అందుకే ఈసారి వీధంతా కూడబలుక్కుని బొమ్మకు ఔరిస్తెలా మొహమే పెట్టింది. చేతిలో ఒక బల్బు, మెడలో మేజోడు. విధవ వేషం ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా? విల్ఫ్రీదో నల్ల గౌను తొడుక్కుని, గోళ్ళకు ఎర్రరంగు వేసుకుని, "అయ్యో నా ఔరీ! పంతొమ్మిదేళ్ళు నాకు ఆకలి మేపి వెళ్ళిపోయావా!" అని ఏడుస్తుంటే, బస్సుల వాళ్ళు బ్రేకులేసి మరీ చిల్లర విసిరారు. ఏడుపు నాటకమే గాని, అందులో ఆకలి మాత్రం నిజమేనని విన్నవాళ్ళంతా ఒప్పుకున్నారు.

ఇక ఎదెల్మీరా చేసిన పని ఒకటుంది. ఐదో తరగతితో చదువు ఆపేసినా ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. నల్ల అంచు గీసి, శిలువ బొమ్మ వేసి, అచ్చం నిజం చావు కబురులాంటి కాగితం రాసి, బస్టాపు దగ్గరి కరెంటు స్తంభానికి అంటించింది. పైన పెద్దక్షరాల్లో: ఔరిస్తెలా కిమి, ఈ లోకం విడిచి వెళ్ళారు. కింద చిన్నక్షరాల్లో: పొదుపు జబ్బుతో చాలాకాలం బాధపడ్డారు. బంధుమిత్రులూ, బ్యాంకు వారూ అర్ధరాత్రి పన్నెండు గంటలకు దహనానికి తప్పక రావాలని మనవి.

కాగితం చూసి ఔరిస్తెలాకు కోపం రాలేదు. "కాగితం వెనక వైపు ఖాళీగా ఉంది. రేపు పీకి నాకివ్వు, సరుకుల పట్టీ రాసుకుంటాను," అంది. రాత్రి బొమ్మ ఒంటి మీద తన గౌను విప్పుకుని, మడతపెట్టి, చంకన పెట్టుకుని, తనను తగలబెడుతుంటే నిలబడి చూసి, ఇంటికి పోయి పడుకుంది.

అయితే ఆ మధ్యాహ్నం బస్టాపులో ఒక బస్సు ఆగింది. అందులో ఔరిస్తెలా పెదనాన్న కూతురు హెనోవేవా ఉంది. సముద్రం ఒడ్డున కోలోన్చే ఆమె ఊరు. కూతురి ఇంటి నుంచి తిరిగి వెళ్తోంది. కిటికీలోంచి స్తంభం కేసి చూసింది. కళ్ళజోడు లేదు కాబట్టి పెద్దక్షరాలు మాత్రమే అందాయి. చిన్నక్షరాల మీదికి చూపు దించేలోగా బస్సు కదిలిపోయింది. ఊరు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. ఫోను చేశారు. ఔరిస్తెలా ఆదివారం తప్ప ఫోను ఆన్ చెయ్యదు. ఆ మౌనంతో చావు ఖాయమైపోయింది.

జనవరి రెండున విల్ఫ్రీదో, ఔరిస్తెలా ముందుగా అడిగి తెచ్చిన జనవరి జీతంలోంచి, వాయిదా కట్టడానికి బ్యాంకుకు వెళ్ళాడు. గోళ్ళ ఎర్రరంగు ఇంకా వదల్లేదు. రంగు వదిలించే సీసాకు డాలరు పెట్టడం దేనికి, గోళ్ళతో పాటు అదే పెరిగి పోతుంది అని ఔరిస్తెలా చెప్పింది. ఆ వేళ్ళను ఒకదానిలో ఒకటి దాచుకుంటూ అతను వరసలో నిలబడి ఉండగా, వీధిలో ఒక ట్రక్కు ఆగింది. తలుపులోంచి అతన్ని చూసి, నల్లబట్టలు కట్టుకున్న తొమ్మిదిమంది దిగి లోపలికి వచ్చారు. ముందు హెనోవేవా.

"విల్ఫ్రీదో మరిదీ! మా చెల్లెల్ని ఎక్కడ పెట్టావు మరిదీ!" అని ఆమె అతని మెడ కావలించుకుంది.

విల్ఫ్రీదో కోలోన్చే వాళ్ళు కూడా పండగ వేళాకోళం సాగదీయడానికి వచ్చారనుకున్నాడు. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి గొంతు తడి మీదే ఉంది. నవ్వు ఆపుకుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. "వెళ్ళిపోయింది వదినా! ఒక్క పూట కడుపు నిండా పెట్టకుండానే వెళ్ళిపోయింది!" అని బావురుమన్నాడు.

వరసలో ఉన్న మగవాళ్ళు టోపీలు తీశారు. ఒకామె శిలువ గుర్తు వేసుకుంది. కౌంటరు వెనకున్న గుమాస్తా కుర్రవాడు లేచి వచ్చి విల్ఫ్రీదో భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యం తెచ్చుకోండయ్యా. ఆ డబ్బు జేబులో పెట్టేసుకోండి. ఇక కట్టక్కర్లేదు."

విల్ఫ్రీదో వేళ్ళ సందుల్లోంచి చూశాడు. "కట్టక్కర్లేదా?"

"అప్పు ఆవిడ పేరు మీద ఉంది కదా. దాని మీద ఇన్సూరెన్స్ ఉంటుంది. మనిషి పోతే మిగతా అప్పంతా వాళ్ళే తీర్చేస్తారు. మరణ ధ్రువపత్రం తెచ్చివ్వండి, ఇల్లు మీదైపోతుంది."

అప్పటికి హెనోవేవా ఏడుపు నిజమైనదని విల్ఫ్రీదోకు అర్థమైంది. కానీ అప్పుడే ఇంకో సంగతి కూడా అర్థమైంది కాబట్టి నోరు తెరవలేదు. నూట నలభై ఎనిమిది డాలర్లూ అలాగే జేబులో పెట్టుకుని, తొమ్మిదిమందినీ వెంటబెట్టుకుని, ట్రక్కులో ఇంటికి బయల్దేరాడు. దారిపొడవునా నిజం చెప్పాలని నోటి దాకా వచ్చింది. ట్రక్కు వెనక చూశాడు. బియ్యం మూట ఒకటి, పచ్చి అరటి గెలలు నాలుగు, ఎండుచేపల గంప, పంచదార, కాఫీ గింజలు, కాళ్ళు కట్టిన కోళ్ళు రెండు. తొమ్మిది రాత్రుల ప్రార్థనలకు వచ్చేవాళ్ళకి పెట్టడానికని ఊరంతా తలా ఇంత వేసింది. నోటి దాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయింది.

తలుపు తట్టగానే ఔరిస్తెలా స్వయంగా వచ్చి తీసింది.

హెనోవేవా కెవ్వున అరిచి ఎదెల్మీరా మీద పడిపోయింది. ట్రక్కు చప్పుడు వినగానే ఎదెల్మీరా అక్కడికి చేరిందని వేరే చెప్పనక్కర్లేదు. మిగతా ఎనిమిదిమంది నేల మీద మోకరిల్లారు.

"ఎవరు పోయారే?" అని అడిగింది ఔరిస్తెలా, వాళ్ళ నల్లబట్టలు చూసి.

"నువ్వే!" అంది హెనోవేవా, కళ్ళు మూసుకునే.

ఔరిస్తెలా వాళ్ళ తలల మీదుగా ట్రక్కు వైపు చూసింది. మూటలు లెక్కపెట్టింది. "అంటే ఆ కోళ్ళు నాకేగా?"

హెనోవేవాకు కాస్త తెలివొచ్చాక చేసిన మొదటి పని స్తంభం మీది కాగితం రాసిందెవరని అడగడం. ఎదెల్మీరా ఆకాశం వైపు చూస్తూ, ఈ ఏడు వానలు ఆలస్యమయ్యేలా ఉన్నాయని చెప్పింది.

"నువ్వు బతికే ఉన్నావు కాబట్టి ఇవన్నీ వెనక్కి పట్టుకుపోతాం," అన్నాడు హెనోవేవా మొగుడు.

"బావా, చావుకు తెచ్చిన సరుకు మళ్ళీ గడప దాటించి ఇంటికి తీసుకెళ్తే ఎవరింటికి చెడో తెలుసా?" అంది ఔరిస్తెలా. అలాంటి ఆచారం ఎక్కడా లేదు. అయినా ఆ మాటతో తొమ్మిదిమందీ ట్రక్కుకు నాలుగడుగుల దూరం జరిగారు. ఆ మధ్యాహ్నం ఒక కోడిని కోసి అందరికీ పులుసు పెట్టింది. రెండోది గుడ్లు పెట్టేదిగా తేలింది.

బంధువులు వెళ్ళాక విల్ఫ్రీదో వంటింట్లో తలుపు వేసి, గుమాస్తా చెప్పిన సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పాడు.

"ఒక్క కాగితం చాలే ముసలీ. నువ్వు కొన్నాళ్ళు కోలోన్చేలో ఉండి రా. సముద్రం గాలి కూడా బాగుంటుంది. తర్వాత వీధిలోకి వచ్చి, చనిపోయినావిడ అక్కననో చెల్లెలిననో చెప్పు."

"నన్ను ఇక్కడ ఎరగనిదెవరు?"

"మొహానికి కాస్త ఒళ్ళు చేస్తే ఎవరూ పోల్చుకోలేరు. రోజూ తింటే చాలు."

ఔరిస్తెలా నవ్వలేదు, తిట్టలేదు. అతని జేబులోంచి డబ్బు తీసుకుని లెక్కపెట్టి, "ఆలోచిస్తాను," అంది. విల్ఫ్రీదోకు భయం వేసింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఏ విషయమూ ఆలోచిస్తానని అన్నది లేదు. మర్నాడు మంచి గౌను తొడుక్కుని, ఎక్కడికో చెప్పకుండా గ్వయాకిల్ బస్సెక్కింది. నడవకుండా బస్సెక్కిందంటే సంగతి పెద్దదే. సాయంత్రం వట్టి చేతులతో వచ్చింది. ఆ రాత్రి చాలాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది.

ఆ తర్వాతి పొద్దున్న ఆమే స్వయంగా బ్యాంకుకు వెళ్ళి వరసలో నిలబడింది. కౌంటరు దగ్గర తన పేరు చెప్పింది. గుమాస్తా కుర్రవాడు గుర్తింపు కార్డు చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"అమ్మా... మీరు... మొన్న మీ ఆయన..."

"మా ఆయన చెప్పినవన్నీ నిజం కావు నాయనా. కడుపు నిండా పెట్టలేదన్నది తప్ప. డబ్బు తీసుకో. రసీదు మాత్రం బతికున్న మనిషి పేరు మీద రాయి."

కుర్రవాడు రసీదు రెండుసార్లు రాయాల్సి వచ్చింది. అతను ఆ సాయంత్రం తన తల్లికి చెప్పాడు. తల్లి సంతలో చెప్పింది. చనిపోయినావిడ వచ్చి వాయిదా కట్టిందన్న మాట సంత దాటి బస్సెక్కేసరికి, చనిపోయి అప్పు తీర్చుకుందన్నట్టుగా మారిపోయింది. పుకారు పుట్టుక ఇదీ.

నిజానికి ఆ అప్పు తీర్చింది కోలోన్చే బియ్యం, కోలోన్చే అరటికాయలు, ఎండుచేపలు. గెలలు ముగ్గకముందే ఔరిస్తెలా కాయలన్నీ కోసి ఎండబెట్టింది. మూడు నెలలు విల్ఫ్రీదో పొద్దున అరటికాయ ముద్ద, మధ్యాహ్నం అరటికాయ పులుసు, రాత్రి అరటికాయ వేపుడు తిన్నాడు. కోడి గుడ్డు పెట్టిన రోజు పండగ. అతను గీసిన గడ్డాల డబ్బులు మొదటిసారిగా తిండికి ఖర్చు కాకుండా డబ్బాలో పడ్డాయి. మార్చి ఇరవై ఎనిమిదో తారీకున ఔరిస్తెలా చివరి జీతం, ఆ డబ్బాలోని చిల్లర మొత్తం కౌంటరు మీద కుమ్మరించింది. నాలుగో వాయిదా కూడా తీరిపోయింది. అప్పు రద్దయినట్టు ముద్ర వేసిన కాగితం తెచ్చుకుని, బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన గ్లాసు పెట్టింది. ఆ సాయంత్రం టైర్ల కొట్టు ముందు నిలబడి, పనేమీ లేకపోయినా, లోపలికి తేరిపార చూసి వచ్చింది.

విల్ఫ్రీదో వీధి వీధంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నాడు. "ఎంత నిజాయితీ గల మనిషి! ఉచితంగా వచ్చే ఇంటిని కాలితో తన్నేసింది. నేను బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. ఊహూఁ! ఆ కాగితం మీద బతికున్న తన పేరే ఉండాలట!" ఇలా చెప్పగా చెప్పగా అతను ఆ మాట ఆమే అన్నట్టు తనే నమ్మేశాడు. ఫాదరు గారు కూడా ఒక ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, అలాంటి స్త్రీ ఒకరు మన మధ్యే ఉన్నారని అన్నారు.

ఎదెల్మీరాకు మాత్రం మనసున పట్టలేదు. అందరూ నిజాయితీ అంటుంటే ఔరిస్తెలా తలదించుకుని నవ్వుకోవడం ఆమె గమనించింది. అదీగాక, గ్వయాకిల్ ప్రయాణం సంగతి ఇంకా ఎవరికీ తెలియలేదు. వీధిలో తనకు తెలియని విషయం ఒకటి ఉందంటే ఆమెకు అన్నం సహించదు. అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ వారం పాటు తిప్పి తిప్పి అడిగింది. గౌను బాగుంది, ఎక్కడికి వెళ్ళినప్పుడు తొడుక్కున్నావు? గ్వయాకిల్‌లో ఎండ ఎలా ఉంది? ఏమీ లాభం లేకపోయింది. చివరికి ఒక సాయంత్రం ఔరిస్తెలా కూర్చున్న చావడిలోకి వచ్చి, విల్ఫ్రీదో ఎవరికో గడ్డం గీస్తుండగానే, అతని కస్టమరు కుర్చీ పక్కన బల్ల లాక్కుని కూర్చుంది.

"వదినా, నేనే రాశాను ఆ చావు కాగితం. నన్ను తిట్టు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట సూటిగా చెప్పు. నువ్వు పోతే అప్పంతా ఇన్సూరెన్స్ వాళ్ళే తీర్చేస్తారని విన్న రోజున, పోనీలే, పోయినట్టే ఉండిపోదాం అని నీకు అనిపించలేదా?"

విల్ఫ్రీదో కత్తి గాల్లో ఆగిపోయింది. సగం గడ్డంతో ఉన్న కస్టమరు కూడా మెడ తిప్పాడు.

ఔరిస్తెలా చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది.

"ఎందుకనిపించలేదు? అందుకేగా గ్వయాకిల్ వెళ్ళింది, ధరలు కనుక్కోవడానికి. అన్నిటికన్నా తక్కువ రకం పేటిక మూడు వందల ఎనభై అన్నాడు, ఎంత బేరమాడినా దిగలేదు. శ్మశానం గోడలో పేటిక పెట్టే గూడుకు నాలుగేళ్ళ అద్దె రెండు వందల నలభై. ఫాదరు గారికి యాభై. పైన తొమ్మిది రాత్రులు నీలాంటి వాళ్ళందరికీ కాఫీ, రొట్టె. ఎలా కూడినా ఎనిమిది వందలు దాటుతోంది. మిగిలిన అప్పేమో ఐదు వందల తొంభై రెండు. ఏం చెయ్యమంటావు వదినా, బతికుండడమే చవకగా తేలింది!"